యాభై నిండేదాకా తుక్కే

మన దేశంలో సొంత కారు జీవితానికి మూడు దశలు. 15 ఏళ్లు నిండగానే అనుమానితుల జాబితాలోకి ఎక్కుతుంది. 20 దాటితే దాదాపు ముద్దాయి. ఫిట్‌నెస్ పరీక్షలో తప్పిందా, తుక్కు కింద జమ. ఆ గండాలన్నీ గడిచి ఎలాగోలా 50 దాటిందనుకోండి, అదే కారు, అదే తుప్పు, అదే పొగ, తెల్లారేసరికి జాతి వారసత్వ సంపద అయిపోతుంది.

ఇది నా కల్పన కాదు. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ పాతకాలపు బళ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, వ్యాపారానికి వాడకుండా, పుట్టిన రూపంలోనే ఉన్న బండికి వింటేజ్ హోదా. నంబరు ప్లేటులో 'వీఏ' అని ప్రత్యేక అక్షరాలు. ఫీజు రూ.20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత నెల తిరక్కుండానే, ఆగస్టు 13న, పాత బళ్లను తుక్కు చేసే పాలసీ దేశానికి అంకితమైంది. దండ వేసిన చెయ్యీ సుత్తి ఎత్తిన చెయ్యీ ఒకే శాఖవి.

మా బావగారు ఈ రెండు వార్తల్లో మొదటిది మాత్రమే చదివారు. చదివి 1978 మోడల్ అంబాసిడర్ కొన్నారు. దానికి 2028లో యాభై నిండుతుంది. అంతదాకా తుక్కు కొట్టువాళ్ల కంట పడకుండా కాపాడుకుంటే చాలని ఆయన లెక్క.

కొన్నప్పుడు అమ్మినాయన చెప్పిన మాట: "డాక్టరు గారు వాడిన బండి సార్. ఇంటికీ క్లినిక్కుకీ తప్ప తిరగలేదు." పాత కారు అమ్మే ప్రతివాడూ ఈ మాట చెబుతాడు. వీళ్ల లెక్కే నిజమైతే ఆ రోజుల్లో ఆంధ్రదేశంలో ఒక్కో డాక్టరు గారి ఇంటి ముందూ నలభై కార్లు ఉండేవి. రోగులు నిలబడడానికి చోటెక్కడిదో తెలియదు.

పాత బండి కొనేవాళ్లు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లాలంటారు తెలిసినవాళ్లు. రేకు ఉన్నచోట అది అతుక్కుంటుంది. తుప్పు తిన్న చిల్లుల్ని లప్పంతో పూడ్చి రంగు కొట్టిన చోట జారి పడుతుంది. బావగారు ఎడమ తలుపు మీద పెట్టారు, పడింది. మడ్‌గార్డు మీద పెట్టారు, పడింది. డిక్కీ మీద పెట్టబోతే డిక్కీ మూతే పడింది. చివరికి ఇంజిన్‌కి గట్టిగా అతుక్కుంది. "చూశావా, ఇంజిన్ ఒరిజినల్!" అన్నారు.

అది ఒరిజినల్ కాదని ఆటోనగర్‌లో మేస్త్రీ చెప్పాడు. అంబాసిడర్ అసలు ఇంజిన్ పెట్రోలుది, 1489 సీసీ, ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు వంశంది. ఈ బండి పాత యజమాని ఎవరో పెట్రోలు ఖర్చు భరించలేక దాన్ని పీకేసి, వ్యాన్‌లోని డీజిల్ ఇంజిన్ బిగించుకున్నాడు. ఆ రోజుల్లో అది తెలివైన పని. బండి నడవాలి, సంసారం గడవాలి. ఇవాళ్టి నిబంధన ప్రకారం మాత్రం అది వారసత్వానికి ద్రోహం. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మారిన బండికి వింటేజ్ హోదా ఇవ్వరు.

"అయితే పెట్రోలు ఇంజిన్ వెతికి పెట్టు" అన్నారు బావగారు.

"పెట్టొచ్చు సార్. కానీ దాని నంబరు మీ ఆర్‌సీలో ఉండదు. ఆర్‌సీలో ఉన్నది ఈ డీజిల్ దాని నంబరే."

అంటే, పుస్తకానికి సరిపోయే ఇంజిన్ ఒరిజినల్ కాదు. ఒరిజినల్ ఇంజిన్ పుస్తకానికి సరిపోదు. ఈ చిక్కుముడి విప్పగలవారు రవాణా ఆఫీసులో ఉంటారని వెళ్తే, అక్కడ ఇంకో సంగతి తేలింది. ఆ పాత నంబరు కంప్యూటర్లోనే లేదు. కారు గేటు బయట నిలబడి ఉంది, కిటికీలోంచి కనిపిస్తోంది, ఆన్‌లైన్‌లో మాత్రం పుట్టనే లేదు. లేని కారుకి పొగ ఎక్కువని అప్పటికే ఒక చలానా ఉంది.

బావగారు వెనక్కి తగ్గే మనిషి కాదు. పెట్రోలు ఇంజినే బిగించమన్నారు. షెడ్డులో పని మొదలైంది. "రెండు వారాలు సార్" అన్నాడు మేస్త్రీ. ఏ ఏడాది రెండు వారాలో చెప్పలేదు. టింకరింగ్ మొదలుపెట్టి లప్పం గీకేసరికి కారులో సగం నేల మీద పొడిగా రాలింది. మిగిలిన సగానికి సామాన్ల వేట. బంపర్ కోసం చెన్నై పుదుపేట, గ్రిల్ కోసం కోల్‌కతా మల్లిక్ బజార్, వెనక లైటు అద్దం కోసం ఢిల్లీ మాయాపురి. జీవితమంతా ఇంటికీ క్లినిక్కుకీ తిరిగిన ఆ బండి ముక్కలుగా మాత్రం దేశం చుట్టొచ్చింది.

మా అక్కయ్య ఓపిగ్గా అన్నీ చూసి ఒకే ప్రశ్న వేసింది: "ఇది నడపడానికి కొన్నారా, నిలబెట్టుకోవడానికా?"

నిలబెట్టుకున్నా ఖర్చేమీ తగ్గదు. గుర్రం గుడ్డిదైనా దానా తప్పదు. కదలకపోతే బ్యాటరీ చస్తుంది, టైర్లు బిర్రబిగుసుకుంటాయి, బ్రేక్ ఆయిల్‌లో చెమ్మ చేరుతుంది, కార్బొరేటర్లో పెట్రోలు జిగురు కడుతుంది. కదిలితే ఇంకో బాధ. బంకులో ఇప్పుడు దొరికే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అంటే ఆల్కహాలే. కొత్త కార్లు ఆ మందుకి అలవాటు పడి పుట్టాయి. 1978 నాటివాటికి ఆ అలవాటు లేదు. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు ఉబ్బిపోయి, పగిలిపోయి కారడం మొదలెడతాయి. వాటిని మార్చితే, "రబ్బరు ఒరిజినల్ కాదే" అని మూతి విరిచే రసికులు ప్రతి ర్యాలీలోనూ ఇద్దరు ఉంటారు.

సరే, అన్నీ కలిసొచ్చి బావగారికి 2028లో వీఏ ప్లేటు వచ్చిందనుకుందాం. అప్పుడు ఆ కారులో ఎక్కడికి వెళ్లొచ్చు? రోజువారీ పనికి రోడ్డెక్కకూడదు. ప్రదర్శనకు వెళ్లొచ్చు, వింటేజ్ ర్యాలీకి వెళ్లొచ్చు, సాంకేతిక పరిశోధనకు ఇవ్వొచ్చు. ఇవి కాక పెట్రోలు పోయించుకోవడానికీ, మరమ్మతుకీ వెళ్లొచ్చని నిబంధనలోనే స్పష్టంగా రాశారు. ఇంతకాలం అది బంకుకీ షెడ్డుకీ తప్ప ఎక్కడికి వెళ్లింది గనక! చట్టం ఒక కారు జీవిత చరిత్రను ఇంత నిజాయితీగా రాయడం ఇదే మొదటిసారి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మన దగ్గర గౌరవం పాతబడినందుకు రాదు, పని చేయనందుకు వస్తుంది.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. 1912 నాటిది. వెనకసీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చారు. కారు వచ్చేనాటికి ఆయన లేరు. ఊరేగింపులకు తప్ప బయటికి తీసింది తక్కువ, తిరిగిన దూరం బహు స్వల్పం. వందేళ్లు దాటినా మెరుస్తోంది, చూడడానికి జనం టిక్కెట్టు కొంటున్నారు.

బొంబాయిలో ప్రీమియర్ పద్మినీ ట్యాక్సీ దీనికి సరిగ్గా ఎదురు. నలుపూ పసుపూ రంగుతో, స్టీరింగు పక్క గేరుతో, వానలో, వరదలో ఎవరు చెయ్యెత్తినా ఆగింది. ఒక ఊరి బతుకంతా వెనక సీట్లో మోసింది. చిట్టచివరి పద్మినీ ట్యాక్సీ 2003 అక్టోబరులో రిజిస్టరైంది. అక్కడ ట్యాక్సీ ఆయుష్షు 20 ఏళ్లు కాబట్టి 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. వారసత్వ హోదా ఇద్దామంటే యాభై నిండలేదు. నిండినా ఇవ్వరు, వ్యాపారానికి వాడారు కదా! కూలికి వెళ్లడం అనర్హత.

దేశంలో మొదటి మారుతి 800 కథ కూడా వినండి. 1983 డిసెంబరులో ఇందిరా గాంధీ చేతుల మీదుగా హర్పాల్ సింగ్ తాళాలు అందుకున్నారు. ఆయన జీవితాంతం దాన్నే వాడుకున్నారు. 2010లో ఆయన పోయాక అది ఢిల్లీ వీధిలో ఏళ్ల తరబడి తుప్పు పట్టింది. తర్వాత కంపెనీ వాళ్లే తీసుకెళ్లి బాగుచేసి తమ ఆఫీసులో పెట్టుకున్నారు. నడిచినన్నాళ్లూ మామూలు బండి, అద్దాల వెనక నిలబెట్టాక చరిత్ర.

అంబాసిడర్ సంగతి వీటన్నిటికంటే గొప్పది. ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లో తయారీ ఆగిపోయింది. 2017లో ఆ పేరొక్కటే 80 కోట్లకు అమ్ముడైంది, ఫ్రెంచి కంపెనీ ప్యూజో కొనుక్కుంది. ఇంజిన్ లేదు, చక్రాలు లేవు, ఒట్టి పేరు. ఆ పేరు మోసిన కారుని మాత్రం తుక్కు కొట్టులో కేజీల లెక్కన తూస్తారు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 2014లో తయారైన ఆఖరి అంబాసిడర్‌కి 2064లో యాభై నిండుతాయి. 15 ఏళ్లు నిండిన కారుకి రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు 2022లో రూ.600 నుంచి రూ.5 వేలు అయింది. 20 దాటిన కారుకి 2025లో రూ.10 వేలు చేశారు. ఐదేళ్లకోసారి కట్టాలి. 2029లో ఐదు వేలు. 2034 నుంచి 2059 దాకా ఆరుసార్లు పదేసి వేలు. 2064లో వింటేజ్ ఫీజు ఇరవై వేలు. వెరసి రూ.85 వేలు. ఫీజులు 2064 దాకా ఇలాగే ఉంటాయన్న ఆశతో వేసిన లెక్క ఇది. ఈ కాలమ్‌లో పచ్చి అబద్ధం ఇదొక్కటే.

డబ్బున్నవాడికి ఇది సరదా. షెడ్డు ఉంది, డ్రైవరు ఉన్నాడు, తీరిక ఉంది, బండి చక్కగా ముసలిదవుతుంది. పాత కారు మీదే కూరగాయలు వేసుకుని సంతకెళ్లే మనిషికి మాత్రం ఇరవై నుంచి యాభై దాకా ఉన్న ఆ ముప్పై ఏళ్ల దూరం దాటరానిది. మొదటివాడిది పరంపర, రెండోవాడిది పొల్యూషన్. పొగ గొట్టాలు రెండింటికీ ఒకే రకానివే.

కాబట్టి మీ కారుని కూడా జాతి సంపద చేయాలనుకుంటే పెద్ద కష్టమేమీ లేదు. ఇవాళే మంచి గుడ్డ కప్పండి. ఇంజిన్ జోలికి, రంగు జోలికి పోకండి. బజారుకు తీయకండి, అర్ధరాత్రి పురిటినొప్పులని పక్కింటివాళ్లు తలుపు కొట్టినా తాళాలివ్వకండి. యాభై ఏళ్లకు ప్రభుత్వమే వచ్చి ప్లేటు తగిలిస్తుంది. పొరపాటున ఎవరికైనా పనికొచ్చిందా, ఇరవైకే తుక్కు.