గెలిచిందెవరో రాసుకోండయ్యా!

గౌరవనీయులైన పరుగుల శాఖ ఉన్నతాధికారి గారి సముఖానికి,

నెల్లూరు జిల్లా వరికుంటపాడు వాస్తవ్యుడు, కిరాణా కొట్టుదారు, పరుగుకు పనికిరాని మోకాళ్లు కలవాడు అయిన నేను చేతులు జోడించి రాసుకునే విన్నపం ఏమనగా:

తమ శాఖ పేరు నేను ఏ గెజిట్‌లోనూ చూడలేదు. తమ ఆఫీసు నెల్లూరులో ఉందా, అమరావతిలో ఉందా, ఢిల్లీలో ఉందా అంటే ఎవరికి వారు పక్కవాణ్ణి చూపిస్తున్నారు. అయినా ఏటా అక్టోబరు ఆఖరు నుంచి జనవరి ఆఖరు దాకా, సరిగ్గా దుప్పటి వదలబుద్ధి కాని రోజులు చూసి మమ్మల్ని రోడ్డెక్కించి పరిగెత్తిస్తున్న మహానుభావులు ఎవరో ఒకరు ఉండే ఉండాలి. వారు తమరేనని నమ్మి, పదిమందీ చదివేలా రాస్తున్నాను.

తమ క్యాలెండరు మాకు కంఠతా వచ్చేసింది. అక్టోబరు 31 సర్దార్ పటేల్ జయంతి, 2014 నుంచి జాతీయ ఐక్యతా దినం. ఐక్యత కోసం పరిగెత్తాలి. డిసెంబరు 1 ఎయిడ్స్ దినం. అవగాహన కోసం పరిగెత్తాలి. 14 ఇంధన పొదుపు దినం. ఒంట్లో ఉన్న ఇంధనమంతా ఖర్చు పెట్టి పొదుపు గురించి నినాదాలివ్వాలి. 24 వినియోగదారుల దినం. ఆ రోజు కొట్ల వాళ్లం కాస్త తల వంచుకుని పరిగెడతాం. జనవరి 12 వివేకానందుడి జయంతి, యువజన దినం. ఆ నెలంతా రోడ్డు భద్రత, అదీ లారీలు పోయే రోడ్డు మీదనే. 25 ఓటర్ల దినం. ఎన్నికల సంఘం 1950లో పుట్టిన తేదీ అది, 2011 నుంచి పండగ చేస్తున్నారు. అన్ని రోజులూ అన్ని ఊళ్లలో పరుగే ఉండదు లెండి. కొన్నిచోట్ల ర్యాలీ, కొన్నిచోట్ల మానవహారం. పేరేదైనా బ్యానరు వెనక నిలబడే మొహాలు మాత్రం అవే, అందులో నాదొకటి.

పరిగెత్తడం మీద నాకు కోపం లేదు. ఈ జిల్లాకు పేరిచ్చిన పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులు నిరాహారంగా కూర్చుని ప్రాణమిచ్చి రాష్ట్రాన్ని కదిలించారు. కూర్చోవడానికి అంత మనిషి కావాలి. మా బోటి వాళ్లం పరిగెత్తడమే మేలు.

మొన్నటి పరుగు సంగతి మనవి చేస్తాను. అది ఏ దినం తాలూకుదో చెప్పలేను. ఎందుకంటే బ్యానరుకు ఒకవైపు ఈసారి అంశం, రెండోవైపు పోయినసారి అంశం ఉన్నాయి. ముందు నిలబడ్డవాళ్లు ఒకదాని కోసం, వెనక నిలబడ్డవాళ్లు ఇంకోదాని కోసం పరిగెత్తాం. ధనుర్మాసం. గుడి మైకులో తిరుప్పావై వస్తోంది. ఆడవాళ్లు వాకిళ్లలో ముగ్గులేస్తున్నారు. మా చలి లంబసింగి చలి కాదు, నిజమే. కానీ చేలల్లో పొగాకు ఆకు మీద మంచు కారుతుంటే, పల్చటి యూనిఫాం చొక్కా వేసుకున్న పిల్లవాడికి లంబసింగి ఎంతో వరికుంటపాడూ అంతే. పిల్లల్ని ఆరింటికి రమ్మన్నారు, వచ్చారు. ముఖ్య అతిథి గారిని కూడా ఆరింటికే రమ్మన్నారట. వారు ఎండెక్కాక వచ్చారు. ఈ మధ్యలో పిల్లలు చేతులు చంకల్లో పెట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుని వేడి పుట్టించుకున్నారు. తమ శాఖ ‘వార్మప్’ అనేది దీన్నేనేమో.

తర్వాత ఉపన్యాసం. ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు. నడక మంచిదన్నారు, పరుగు ఇంకా మంచిదన్నారు. మాట్లాడినంతసేపూ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటూనే ఉన్నారు పాపం. జెండా ఊపారు. ఊపింది ఫోటోలో సరిగ్గా పడలేదని ఇంకోసారి ఊపారు. మొదటి ఊపుకే బయలుదేరిన నలుగురు పిల్లల్ని వెనక్కి పిలిచారు. రెండో ఊపుకు పెద్దలు బ్యానరు పట్టుకుని వీధి మలుపు దాకా వేగంగా నడిచారు. మలుపు దగ్గర కారు ఆగి ఉంది. అయ్యా, ఇక్కడ ఒక సాంకేతిక విషయం. రెండు కిలోమీటర్ల పరుగు ఎక్కడ పూర్తవుతుందని తమ దస్త్రాల్లో రాసుకున్నారో నాకు తెలియదు గానీ, ముఖ్య అతిథి కారు ఎక్కడ ఆగితే అక్కడికి రెండు కిలోమీటర్లు పూర్తయినట్టే మా దగ్గర లెక్క.

పిల్లలకు ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. వాళ్లు నిజంగానే పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను, అంటే పరుగూ నడకా కాని ఒక పద్ధతిలో ముందుకు పోయాను. బర్రెను తోలుకుపోతున్న ఒక అవ్వ నన్ను చూసి ఆగి, ‘ఏందిరా అబ్బయ్యా, పొద్దన్నే యాడికి? ఎవురన్నా తరుముతుండారా?’ అని నిజమైన ఆందోళనతో అడిగింది. ‘ఐక్యత కోసం అవ్వా’ అన్నాను. ‘ఎవురెవురికి తగాదా?’ అంది. జవాబు చెప్పే ఊపిరి నా దగ్గర లేదు.

అసలు విషయానికి వస్తాను. పరుగు చివర, ఊరు దాటాక ఒక టీ బంకు ఉంది. అక్కడికి అందరికన్నా ముందు చేరింది హైస్కూలు చదివే ఒక ఆడపిల్ల. హవాయి చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో వచ్చింది. తర్వాత వచ్చిన మగపిల్లల కన్నా ఎంత ముందు వచ్చిందో బంకాయన చెబితే విన్నాను. ఎందుకంటే చూసింది ఆయనొక్కడే. ఫోటోగ్రాఫరు మొదట్లోనే ఆగిపోయాడు. నిర్వాహకులు టిఫిన్ల దగ్గర ఉన్నారు. వచ్చిన పిల్లను ‘బస్సు తప్పిపోయిందా పాపా’ అని అడిగాడట బంకాయన. ఆ పిల్ల కాసేపు నిలబడి, ఇంకెవరూ ఏమీ అనకపోయేసరికి చెప్పులేసుకుని వెనక్కి నడిచింది. మర్నాడు పేపరు జిల్లా పేజీలో వార్త వచ్చింది. పది పేర్లున్నాయి. పదీ జెండా దగ్గర నిలబడ్డవాళ్లవే.

తమ శాఖ పరుగులన్నింటికీ మొదలుంది, చివర లేదు. నా ఫిర్యాదు ఇంతే. జెండాకు మనిషి ఉన్నాడు, గడియారానికి లేడు.

ఇది చిన్న విషయమని తమరు అనుకోవచ్చు. విశాఖపట్నంలో ఒక స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడి కన్ను పడబట్టి కదా ఒక సెక్యూరిటీ గార్డు కూతురు హర్డిల్స్‌లోకి వచ్చింది. ఆ పిల్లే జ్యోతి యర్రాజి, 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023లో బ్యాంకాక్‌లో, 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో, రెండుసార్లు ఆసియా విజేత. వరంగల్ జిల్లా కల్లెడ పల్లెలో ఎగతాళి మాటలు పడుతూ పెరిగిన దీప్తి జీవాంజిని కోచ్ నాగపురి రమేశ్ గారు చూసి చేరదీశారు. 2024లో జపాన్‌లోని కోబెలో పారా ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు, ఆ ఏడాదే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. మా పిల్ల వాళ్లంతది అవుతుందని నేను అనడం లేదు. ఎంతది అవుతుందో తెలియాలంటే ముందు ఎంతసేపట్లో వచ్చిందో ఎవరో ఒకరు చూడాలి కదా అంటున్నాను. టీ బంకాయన చేతిలో టీ గిన్నె ఉంటుంది, వాచీ ఉండదు.

మా రోడ్డు మీద రోజూ పరిగెత్తేవాళ్లు లేకపోలేదు. తమరు బ్యానరు విప్పకముందే, చీకటితో, కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్లు పామూరు వైపు కొందరు, దుత్తలూరు వైపు కొందరు పోతుంటారు. వాళ్లకు ఏ దినమూ లేదు. 1600 మీటర్లు, మగవాళ్లకు 8 నిమిషాలు, ఆడవాళ్లకు పదిన్నర. వాళ్ల జీవితమంతా ఆ అంకెలోనే ఉంది. 2022 నవంబరులో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రాథమిక రాతపరీక్ష అయింది. ఈ పరుగు ఉండే ఈవెంట్స్ మొదలైంది 2024 డిసెంబరు 30న. అంటే రెండు చలికాలాలు పోయి మూడో చలికాలం వచ్చేదాకా, తేదీ తెలియని పరీక్ష కోసం ఒంట్లో ఊపు తగ్గకుండా పరిగెడుతూనే ఉన్నారు. రాష్ట్రంలో అంత ఓర్పుగల పరుగు ఇంకోటి జరిగి ఉండదు. దానికి ముఖ్య అతిథి ఎవరూ రాలేదు. తమ పరుగుకు వాళ్లు రారేమని ఒకాయన నన్నడిగాడు. వాళ్లు అప్పటికే ఇంటికి పోయి చద్దన్నం తిని కూలికి పోయి ఉంటారు.

ఇంకో ముచ్చట. 2004 అక్టోబరు 2న, మనకు గాంధీ జయంతి, అక్కడివాళ్లకు ఉత్త శనివారం, లండన్‌లోని బుషీ పార్కులో 13 మంది పోగై ఐదు కిలోమీటర్లు పరిగెత్తారు. టికెట్టు లేదు, నినాదం లేదు, ప్రతిజ్ఞ లేదు. కానీ వచ్చిన ప్రతి మనిషి టైమూ రాసుకున్నారు. ఎవరు ఎన్నో వాళ్లో గుర్తుకు బిళ్లలు కావాల్సి వస్తే, హార్డ్‌వేర్ కొట్లో వాషర్లు తెచ్చి వాటి మీద అంకెలు కొట్టారు. అది ‘పార్క్‌రన్’ అనే పేరుతో ఇప్పుడు దేశదేశాల్లో శనివారం శనివారం జరుగుతోంది. సైకిలు నట్టుకు వేసే వాషర్లతో, అయ్యా! మనం ఒక పరుగు బ్యానరుకు పెట్టే ఖర్చుతో ఎన్ని వాషర్లు వస్తాయో మా పక్క కొట్టు రెడ్డి గారిని అడిగి చెప్పగలను.

పెద్దల తీరు చెప్పాను కాబట్టి పాత పెద్దాయన తీరూ ఒక్క మాటలో చెప్పి ముగిస్తాను. మా పొరుగున ఉదయగిరి దుర్గం ఉంది. 1513లో శ్రీకృష్ణదేవరాయలు దాన్ని ముట్టడించి మరుసటేడు గాని పట్టలేకపోయాడు. కొండ ఎక్కడానికి దారి సరిపోదని బండలు పగలగొట్టించి బాట వేయించాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాశాడు. అంతటి రాయలు కూడా ముందు దారి చూసుకుని తర్వాత సైన్యాన్ని నడిపించాడు. తమరు పిల్లల్ని పరిగెత్తించే ముందు రోడ్డు మీద కంకర ఊడ్పించి, లారీలను ఒక్క అరగంట ఆపిస్తే చాలు.

కనుక ప్రార్థన ఏమనగా: వచ్చే చలికాలంలో మాకు ఒకే ఒక పరుగు ఏ దినమూ కాని రోజున ప్రసాదించండి. ఏ మంచి పని కోసమూ వద్దు, ఉత్త పరుగు కోసం పరుగు. దూరం టేపు పెట్టి కొలవండి. ఆరింటికన్నది ఆరింటికే మొదలుపెట్టండి. ఉపన్యాసం తప్పనిసరైతే, ఇవ్వదలచినవారు ముందు పరుగు పూర్తి చేసి ఆ తర్వాత మాట్లాడాలని నియమం పెట్టండి. మాటలు వాటంతటవే తగ్గుతాయి. టీషర్టులు పంచేటట్టయితే పిల్లల సైజులు కూడా తెప్పించండి. మొన్నటివి మోకాళ్ల దాకా వేలాడి కాళ్లకడ్డం పడ్డాయి. ఫోటోగ్రాఫరును మొదట్లో కాక చివర నిలబెట్టండి. పక్కన వాచీ ఉన్న మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. మనిషి దొరక్కపోతే నేనున్నాను, ఎలాగూ నేను పరిగెత్తినా ఎవరికీ పోటీ కాదు. వాషర్ల ఖర్చూ నాదే.

పరుగైన మర్నాడు పొద్దున పేర్లూ టైములూ వరసగా రాసి నా కొట్టు షట్టరుకు అంటిస్తాను. ముఖ్య అతిథి గారి టైము కూడా రాస్తాను, వారు చివరిదాకా వచ్చిన పక్షంలో.

ఇట్లు
తమ విధేయుడు,
వరికుంటపాడు కిరాణా కొట్టుదారు

ప్రతి: ఊరి చివర టీ బంకాయనకు, తగు చర్య నిమిత్తం. పరుగు రోజున ఒక గోడ గడియారం అరువివ్వగలరు.