నేను కోయమన్న కొమ్మ

మా కుటుంబానికి మూడు తరాలుగా చీనీ తోట ఉంది. ఈ మాట ఎక్కడెక్కడ, ఎంతమందితో చెప్పుకున్నానో లెక్కలేదు. చెప్పుకోని మాట ఇంకొకటుంది. ఆ తోటలో నేను ఏనాడూ ఒక్క పాది తవ్వలేదు. నాన్న తవ్వాడు, ఆయన తరువాత తమ్ముడు తవ్వుతున్నాడు. నేను వాళ్లలాంటి రైతుల అప్పు ఫైళ్లు తిరగేస్తూ బ్యాంకులో రిటైరయ్యాను. సెలవులకు ఊరెళ్లినప్పుడు గట్టు మీద నిలబడి నాన్న మాటలు వినేవాణ్ని. విన్నదంతా నా అనుభవమేనని నాకు ఏ వయసులో నమ్మకం కుదిరిందో గుర్తులేదు.

అనంతపురం జిల్లాలో ఉన్నంతకాలం ఈ నమ్మకంతో ఎవరికీ నష్టం జరగలేదు. అక్కడ నా మాట వినేవాళ్లు లేరు. ఇటలీలో ఒకాయన విన్నాడు.

మా మేనకోడలు ఫ్లోరెన్స్‌లో చదువుతోంది. చూడ్డానికి వెళ్తే, చర్చిలూ విగ్రహాలూ తిప్పి తిప్పి, "మామా, నీకు నచ్చేది ఒకటుంది" అని ఊరి శివార్లలోని కాస్తెల్లో తోటకు తీసుకెళ్లింది. మెదిచి వంశపు కోసిమో 1537లో, పదిహేడేళ్ల కుర్రాడిగా ఫ్లోరెన్స్ గద్దెనెక్కాడు. ఎక్కగానే తమ పాత భవనం వెనక ట్రిబోలో అనే శిల్పి చేత ఈ తోట వేయించడం మొదలుపెట్టాడు. నిమ్మజాతి చెట్లు ఆ ఇంటివాళ్లకు పిచ్చి. ఆ వంశం అంతరించి దాదాపు మూడు శతాబ్దాలైంది, చెట్లు మాత్రం ఉన్నాయి, 500కు పైగా.

గేటు దాటగానే నేను నవ్వాను. చెట్లన్నీ కుండీల్లో ఉన్నాయి. రాజుల తోట అంటే మా తోటకు వందింతలు ఊహించుకుని వచ్చాను మరి. "ఇంత నేల పెట్టుకుని కుండీల్లోనా? మా ఊళ్లో అద్దె ఇళ్లవాళ్లు చేసే పని ఇది" అన్నాను, కాస్త గట్టిగానే. మేనకోడలు చుట్టూ చూసింది. తెలుగు తెలిసినవాళ్లెవరూ లేరని రూఢి చేసుకున్నాక విషయం చెప్పింది. చలికాలంలో అక్కడ మంచు పడుతుంది, నేలలో పాతితే ఈ చెట్లు బతకవు. అందుకని అక్టోబరు రాగానే కుండీలన్నిటినీ లిమొనాయా అనే పొడవాటి శాలల్లోకి చేరుస్తారు. ఎండ పడేలా నిలువెత్తు కిటికీలుంటాయి వాటికి. వేసవి ముందు మళ్లీ బయటికి తెస్తారు. కుండీలంటే మన బాల్కనీవి కావు. ఇంప్రునేతా అనే ఊరి మట్టితో చేసి కాల్చినవి, ఒక మనిషి కదిలించలేనివి. వాటిలో పెరిగే చెట్లలో వందేళ్లు దాటినవీ ఉన్నాయి. తరతరాలుగా ఏటా రెండుసార్లు ఈ బరువు మోస్తున్నారంటే, మోసేవాళ్లకూ ఆ పిచ్చి ఉండాలి. వాళ్లకు మంచు భయం, మాకు బోరు ఎండుతుందన్న భయం. నిమ్మజాతిని పెంచేవాడికి ఎక్కడైనా ఏదో ఒక భయం తప్పదు కాబోలు అని అప్పుడే ఒక వేదాంతం కూడా వల్లించాను. పెంచింది నేనే అన్నట్టు.

ముందురోజు కూడా ఇదే వరస. పోజ్జో అ కయానో అనే మరో మెదిచి భవనంలో బార్తొలొమెయో బింబి వేసిన పెద్ద పటాలు చూపించింది మేనకోడలు. అదే వంశపు మూడో కోసిమో తన తోటల్లోని నిమ్మజాతి కాయలన్నిటినీ బొమ్మలుగా వేయించుకున్నాడు, 1715లో. బొడిపెలు తేలినవి, వేళ్లలా చీలినవి, వంకరటింకరవి, వరసగా నంబర్లతో సహా ఉన్నాయి. "ఈయనకు కాయ గుండ్రంగా వేయడం రాదు" అని తీర్పిచ్చి బయటికొచ్చాను. కాస్తెల్లోలో ఆ వేళ్ల కాయే కొమ్మకు వేలాడుతూ ఎదురైంది. చూడనట్టు పక్కకు నడిచాను. పెద్దగా, గరుకుగా ఉన్న ప్రతి కాయనూ దబ్బకాయ అన్నాను, ఊరగాయ ఎలా పెట్టాలో కూడా చెప్పాను. అందులో సగం మాదీఫలాలు.

అసలు ఘనకార్యం ఆ తరువాతి చెట్టు దగ్గర. దాని ఆకులు ఒక తీరుగా లేవు. కొన్ని నున్నగా, కొన్ని ముడుచుకుని ఉన్నాయి. ఒక కాయ అచ్చం నారింజ. ఇంకోటి సగం నారింజలా నున్నగా, మిగతా సగం బొడిపెలతో పచ్చగా, రెండు కాయలను కోసి అతికించినట్టు ఉంది. నాన్న గొంతు నాలో మేల్కొంది. "మంగు పట్టింది. మంగొక్కటే కాదు, అంటు కింది చిగురు కూడా లేచింది. ఆ కొమ్మ కోసేయకపోతే చెట్టు దక్కదు" అన్నాను.

కాస్త దూరంలో ఒక తోటమాలి కుండీలకు నీళ్లు పెడుతున్నాడు. "ఆయనకు చెప్పు" అన్నాను. "వద్దు మామా" అంది. "పాపం, చెట్టు పోతుంది, చెప్పు" అని పట్టుబట్టాను. చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పిందని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. గొట్టం కింద పెట్టి వచ్చి ఒక ప్రశ్న వేశాడు. మీ చీనీలకు అడుగు మొక్క ఏది? అంటు కట్టింది దేని మీద?

"చీనీ మీదే" అన్నాను. ఆయన తల ఊపాడు. ఆ ఊపులో ఎంత మర్యాద ఉందో ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

తరువాత ఆయన చెబుతుంటే మేనకోడలు నాకు వినిపించింది. ఆ చెట్టు పేరు బిజ్జారియా. 1640ల్లో ఫ్లోరెన్స్‌లోనే ఒక తోటలో పుట్టింది. అంటు కట్టారు, అంటు చచ్చిపోయింది, ఆ చోటు నుంచి ఒక చిగురు లేచింది. అందులో నారింజా మాదీఫలమూ రెండూ కలిసిపోయి ఉన్నాయి. ఒకే చెట్టుకు నారింజలు, మాదీఫలాలు, రెండూ కలిసిన కాయలు. పియెత్రో నాతి అనే పండితుడు 1674లో దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. డార్విన్ కూడా దీని గురించి రాశాడు, అంటుతోనే సంకరం పుడుతుందా అని ఆలోచిస్తూ. సంకరం కాదు, ఒక చెట్టు కణాల పొర మీద మరో చెట్టు కణాల పొర ఉండి, రెండూ కలవకుండా పక్కపక్కనే బతుకుతున్నాయని 20వ శతాబ్దంలో తేలింది. ఈలోగా చెట్టే కనిపించకుండా పోయింది. ఇక లేదనుకున్నారు. 1980లో ఈ తోటలో పనిచేసే పావొలో గలెయొత్తి దాన్ని మళ్లీ కనిపెట్టాడు.

విత్తనం వేస్తే ఇది రాదు. రెండూ కలిసిన కొమ్మ నుంచే అంటు కట్టుకోవాలి. పొరలు జారి ఒట్టి నారింజ కొమ్మో, ఒట్టి మాదీఫలం కొమ్మో బలంగా లేస్తే దాన్నే కోసేయాలి, లేకపోతే అది మిగతా చెట్టును అణిచేస్తుంది. అంటే కత్తెర నా చేతికిస్తే నేను బాగున్నదాన్ని ఉంచి, ఇన్ని వందల ఏళ్లు కాపాడుకొచ్చినదాన్ని పాదిలో పడేసేవాణ్ని. బ్యాంకులో నేను చేసిన పనీ అదే అని ఒక స్నేహితుడు అన్నాడు. అది ఇక్కడ అప్రస్తుతం.

బస్సులో మేనకోడలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వు ఆపుకుంటోంది.

రాత్రి తమ్ముడికి ఆ కాయ ఫోటో పంపాను, మంగు సంగతి రాయకుండా. వాడు వెంటనే ఫోన్ చేశాడు. "ఇదేందన్నా, రెండు జాతులు ఒక్క కాయలో దూరినాయే!" అన్నాడు. పదో తరగతి తప్పిన వాడికి ఫోటోలో ఒక్క చూపుకు తెలిసింది. మన చీనీకి అడుగు మొక్క ఏదిరా అని మాట మధ్యలో, ఏమీ ఎరగనట్టు అడిగాను.

"రంగపూర్ నిమ్మ. ఇన్నేండ్లకు అడుగుతాండావా?" అని కాసేపు ఆగాడు. "అయినా అన్నా, పాప అంతా చెప్పిందిలే. ఆ కొమ్మను కోయమన్నావంట గదా. ఆయప్ప నిజంగానే కోసింటే, ఒక్క పుల్లన్నా జోబీలో ఏసుకొని వస్తావుంటివా, ల్యాకపోతే అది గూడా పారేయమనింటావా?"