ఉమ్మడి కుటుంబాన్ని బోర్డు మీద కూల్చడం ఎలా?

తొమ్మిదో తరగతికి ‘మారుతున్న కుటుంబం’ చెప్పబోయే సోషల్ మాస్టార్లూ, టీచరమ్మలూ! అంకెల జోలికి పోకముందే ముగింపు రాసిపెట్టుకోండి. “పాశ్చాత్య ప్రభావం వల్ల ఉమ్మడి కుటుంబాలు విచ్ఛిన్నమవుతున్నాయి” అని బోర్డు నెత్తిన రాసేస్తే సగం పాఠం అయిపోయినట్టే. మిగతా సగం దానికి సరిపడే అంకెలు ఏరుకోవడమే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇంటికి సగటున 4.9 మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నలుగురే. ఎంత చక్కగా కుదిరిందో! అయితే ఆ లెక్కలో ఒక ఇల్లంటే ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లని పొరపాటున కూడా చెప్పకండి. చెప్పారా, ఎవరో ఒక పిల్ల లేచి, “మా పెదనాన్నవాళ్లది పక్క వాటాయే సార్. వంటే వేరు. బోరు, గేదెలు, బ్యాంకు అప్పు అన్నీ కలిపే. మేం ఉమ్మడా, కాదా?” అంటుంది. ఆ పిల్లని సుద్దముక్కలు తెమ్మని పంపేయండి. అసలు పూర్వం జనం ఎక్కువగా ఉమ్మడిగానే ఉండేవారన్న నమ్మకాన్నే సామాజిక శాస్త్రవేత్త ఎ.ఎం. షా 1973లో ఒక పుస్తకంలో ప్రశ్నించారు. అలాంటివి లైబ్రరీ బీరువాలో ఉంటే తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి.

తరవాత గ్రాఫు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటు పిల్లలు 1992-93లో మన దగ్గర 2.6. 2019-21కి ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. నడుమ రాష్ట్రం రెండయిన సంగతి ఎత్తకండి. నిలువు గీతని సున్నా నుంచి కాక 1.6 నుంచి మొదలెడితే గీత అటక మీంచి నేలమీద పడ్డట్టు కనిపిస్తుంది. పిల్లలు తగ్గితే ఇంట్లో మనుషులూ తగ్గుతారని, దానికి ఎవరూ ఎవరితోనూ వేరుపడక్కర్లేదని లెక్కల మాస్టారు అడ్డొస్తే, ఆయన పీరియడ్ వేరని గుర్తుచేయండి.

ఇక ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు. “మీ ఇంట్లో ఎంతమంది?” అని తరగతిలో చేతులెత్తించండి. ఇంతకంటే ఒళ్లు అలవని సర్వే లేదు. కొడుకు డాలస్‌లో, కూతురు హైదరాబాద్‌లో ఉండగా ఊళ్లో ఇద్దరే మిగిలిన ముసలి దంపతుల తరఫున చెయ్యెత్తేవాళ్లు తరగతిలో ఉండరు. ముగ్గురు పిల్లలున్న ఇల్లు మాత్రం బడి మొత్తాన్ని అడిగితే మూడుసార్లు పడుతుంది. వలసల వల్ల ఈ మధ్య కుటుంబాల్లో వచ్చిన పెద్ద మార్పు ఇలా మన పట్టికలోకి రాకుండానే జారిపోతుంది. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్తే అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లని “మీ ఇంటిపెద్ద ఎవరమ్మా?” అని అందరి ముందూ అడగడం మరిచిపోకండి. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉండకూడదు కదా!

ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని అదే 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తుంది. దానికి పాశ్చాత్య ప్రభావం అంటగట్టడం కష్టం. రెండు కాగితాలు కలిపి తిప్పేయండి.

చివరికి విడాకులు. ఇక్కడ మీరు గొంతు పెంచొచ్చు. అంకెలు మాత్రం వద్దు. 2011 లెక్కల్లో విడాకులు తీసుకున్నవారి కంటే, తీసుకోకుండానే విడిగా బతుకుతున్నవారు రెండు రెట్లకు పైనే. అది చెప్పారంటే, సిద్ధం చేసుకున్న ఉపన్యాసం ఎవరిమీద ఎక్కుపెట్టాలో తేలకముందే గంట కొట్టేస్తారు.