బరువే మావా

అనంతగిరి, డుంబ్రిగుడ కొండల్లో రోడ్డు లేని ఊళ్లో జబ్బు ముదిరితే డోలీయే దిక్కు. బొంగుకు దుప్పటి కట్టి, మనిషిని అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన ఎత్తుకుంటారు. 108 బండి నిలిచే చోటు దాకా నడకే. అందుకే మా దగ్గర ‘మీకు బరువైపోయాను’ అన్నది ఉత్త మాట కాదు. మోసినవాడి భుజం కమిలి కనిపిస్తుంది.

నా సలహా మీకు తిరకాసుగా తోచొచ్చు: ‘నువ్వు మాకు బరువు కాదు’ అని రోగితో అనకండి.

నేను అన్నాను, మా మావతో. వానలో గెడ్డ దాటించి ఒడ్డున దించాం. భుజం మీది తువ్వాలు మడత మార్చుకుంటుంటే ఆయన నా భుజాన్నే చూస్తున్నాడు. “నన్నిక్కడే ఒగ్గేయండ్రా” అన్నాడు. “నువ్వేం బరువు మావా” అన్నాను. మొహం తిప్పేసుకున్నాడు. ఆ తర్వాత మంచినీళ్లు కూడా అడగలేదు. రెండో మలుపులో వెనక బొంగు పట్టిన కుర్రాడు, “బరువే మావా. అందుకే నలుగురం వచ్చాం. నువ్వు అడ్డదారి చెప్పు” అన్నాడు. ఆ దారులు ఆయనకే తెలుసు. చెప్పడం మొదలుపెట్టాడు.

మంచాన ఉన్నవాళ్లకూ ఒక మాట. ఓర్చుకోకండి. కొడుక్కి కాఫీ పండ్ల కోత కూలి పోతుందని నొప్పి దాచి, అర్ధరాత్రి చెబితే చీకట్లో దిగాలి. సాయంత్రమే చెప్పండి. సికిల్ సెల్ ఉన్న పిల్లలు మరీ దాస్తారు, పదేపదే చెప్పాలంటే సిగ్గు. కొడవలిలా వంగిన ఎర్ర కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని ఆ నొప్పి పుడుతుంది. చలి, ఒంట్లో నీరు తగ్గడం దాన్ని రేపుతాయి. అరకు చలిలో మొహమాటపడి నీళ్లడగని పిల్లను మళ్లీ మోయాల్సి వస్తుంది. పరీక్ష చేయించుకోండి, 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ అందుకే ఉంది. ఈ జబ్బుకు రాష్ట్రం నెలనెలా ఇచ్చే పింఛనూ అడగండి.

ఇంట్లోవాళ్లూ, ఖర్చు గుసగుసలుగా మాట్లాడుకోకండి. రోగి చెవులు గోడకే ఉంటాయి. పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చెప్పండి, ఏ మేకను అమ్మాలో ఆయన్నే అడగండి. చేతులాడితే రాజ్మా గింజలు ఏరమనండి.

మా మావను మళ్లీ ఎత్తినప్పుడు దుప్పటిలోంచే కేకేశాడు: “నువ్వు వెనక్కి పోరా, నీ నడక కుదుపుతోంది. ఆ కుర్రాణ్ణి ముందుకు రమ్మను. నీళ్లేవీ?”