రెండు నిమిషాల ప్రయాణం

నేను ఐలాండర్ విమానాన్ని. రెండు ఇంజన్లు, ఎనిమిది మంది ప్రయాణికులు, గాలిలో కూడా లోపలికి ముడుచుకోని చక్రాలు. మా నమూనాను జాన్ బ్రిటెన్, డెస్మండ్ నార్మన్ ఇద్దరూ ఇంగ్లండ్ దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ దీవిలో తయారుచేశారు. మాలో మొదటిది 1965లో ఎగిరింది. దీవిలో పుట్టిన వంశం మాది, బతుకుదెరువు కూడా దీవుల మధ్యే. నా మకాం స్కాట్లండ్‌కి ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో, కర్క్‌వాల్ ఊళ్లో.

రోజూ తిరిగే చోట్లలో వెస్ట్రే, పాపా వెస్ట్రే అని రెండు దీవులున్నాయి. వాటి విమానాశ్రయాల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. ఎడిన్‌బరాలో పెద్ద విమానాలు దిగే రన్‌వే పొడవు కూడా ఇంచుమించు అంతే! 1967 నుంచి ఆ దీవుల మధ్య లోగన్‌ఎయిర్ సంస్థ నడుపుతున్న ఈ సర్వీసుకన్నా చిన్నది టైంటేబుల్ ఉన్న విమాన సర్వీసుల్లో ప్రపంచంలోనే లేదు.

టైంటేబుల్లో రెండు నిమిషాలని ఉంటుంది. గంటకు 240 కిలోమీటర్ల వేగంతో పోతే నలభై సెకన్లు చాలు కదా అంటారు. ఆ వేగం అందుకునేలోపే దిగాల్సిన నేల ముందుకొచ్చేస్తుంది. పైగా అంతా గాలి చేతిలో ఉంది. లేవాలన్నా దిగాలన్నా గాలికి ఎదురుగా నిలవాలి. దాని వాటం కుదిరితే తిన్నగా వెళ్లి వాలతాను, లేకపోతే చుట్టు తిరగాలి. అన్నీ కలిసొచ్చిన ఒక రోజు స్టువర్ట్ లింక్‌లేటర్ అనే పైలట్ 53 సెకన్లలో దాటించారు. ఇప్పటికీ అదే రికార్డు.

నా లోపల నడవడానికి దారి లేదు. పాత అంబాసిడర్ కారులా ఏ వరుసకు ఆ తలుపు తీసుకుని ఎక్కాలి. బరువు సరిచూసి ఎవరెక్కడ కూర్చోవాలో పైలట్ చెబుతారు. ఒక్కోసారి ఆయన పక్క సీటే దక్కుతుంది. అక్కడ కూర్చున్నవాళ్ల కళ్లముందే మీటర్ల ముళ్లు కదులుతాయి, కింద పాపా సౌండ్ జలసంధి నురగలు కక్కుతుంది, అంతలోనే గడ్డి కనిపిస్తుంది.

రికార్డు విమానం ఎక్కామని సర్టిఫికెట్ తీసుకుని మురిసిపోయే యాత్రికులంటే నాకిష్టమే. పాపా వెస్ట్రేలో అయిదువేల ఏళ్లు దాటిన నాప్ ఆఫ్ హోవర్ రాతి ఇళ్లను చూడటానికి వచ్చేవాళ్లన్నా ఇష్టమే. కానీ నేను ఎగిరేది వాళ్ల కోసం కాదు. పాపా వెస్ట్రేలో ఉండేది వందమందికి లోపు. అంత చిన్న ఊరికి అన్ని పాఠాలకూ టీచర్లుండరు, అన్ని జబ్బులకూ డాక్టర్లుండరు. వాళ్లు నాలోనే వచ్చి వెళ్లాలి. పెద్ద చదువులకు కర్క్‌వాల్ హాస్టల్లో ఉండే పిల్లలు ఇంటికి రావాలన్నా ఆకాశదారి కావాలి. రెండు నిమిషాలేనా అని నోరు వెళ్లబెట్టేవాళ్లు, ఆ రెండు నిమిషాలు లేని రోజు ఎలా గడుస్తుందో కూడా ఒక్కసారి అడగాలి.

పడవ ఉంది, నిజమే. సముద్రం నెమ్మదిగా ఉంటే అరగంటలోపే దాటిస్తుంది. డిసెంబరులో పగలు ఆరు గంటలే, అలలు లేచాయంటే పడవకూ కష్టమే. పొగమంచు కమ్మితే నేనూ కదలను. ఆ రోజు టీచరు రారు, పార్శిల్ రాదు, కర్క్‌వాల్ ఆసుపత్రిలో చూపించుకోవాల్సిన పెద్దాయన మరో తేదీ అడుక్కోవాలి. మంచు విడిందని కబురు రాగానే సంచులు తూచి ఎక్కిస్తారు, ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటాయి. ముందుగా కూర్చునేది ఆ పెద్దాయనే.