మా రోజుల్లో మైకు ముందు కూర్చోవడమంటే

హైదరాబాదులోని మా నిజాంపేటలో ఇప్పుడు ఏ అపార్టుమెంటుకు వెళ్లినా నాలుగైదు ఇళ్లలో మైకులున్నాయి. ఆఫీసు మీటింగులకని ఒకరు, యూట్యూబులో వంటలకని ఒకరు, అమెరికా పిల్లలకు సంగీతం చెప్పడానికని ఇంకొకరు కొనుక్కున్నారు. కంప్యూటరుకు యూఎస్‌బీ వైరు తగిలిస్తే చాలు, పనిచేస్తుంది. సంతోషమే. కానీ ఇన్ని మైకులుండీ వినసొంపుగా వినబడే గొంతు అరుదైపోవడం మాత్రం నాకు మింగుడుపడడం లేదు. ఒకరు మాట్లాడితే మాటకంటే ముందు ఫ్యాను వినిపిస్తుంది. ఇంకొకరు ‘ప’ పలికినప్పుడల్లా చెవిలో ఏదో పేలుతుంది. మరొకరి గొంతు గోడలన్నీ చుట్టి వచ్చి చెవిన పడుతుంది. అడిగితే అందరిదీ ఒకటే మాట: ‘చవక మైకండీ, ఇంకాస్త మంచిది కొనాలి’. మైకుకేం నాయనా, బాగానే ఉంది. దాని ముందు కూర్చోవడం ఎవరూ నేర్చుకోలేదు, నేర్పేవాళ్లూ లేరు.

మా రోజుల్లో మైకు దగ్గరికి మనమే వెళ్లేవాళ్లం. అదీ పిలుపు వస్తేనే. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నేను తెలుగు లెక్చరరుగా ఉన్న రోజుల్లో పున్నమ్మతోటలోని ఆ కేంద్రానికి ప్రసంగాలు చదవడానికి వెళ్లేవాణ్ణి. స్క్రిప్టు ముందే పంపాలి. వేళకు మించితే కుదించాలి. కాగితానికి ఒకవైపే రాయాలి, గుండుసూదులు తీసెయ్యాలి, చదివిన కాగితాన్ని చప్పుడు కాకుండా పక్కకు జరపాలి. స్టూడియోకు ఒకదాని వెనక ఒకటిగా రెండు తలుపులు. గోడలకు చిల్లుల పలకలు, కింద తివాచీ. అద్దానికి అవతల ఇంజనీరు. ‘ఒక పేరా చదవండి మాస్టారూ, లెవెల్ చూసుకుంటాను’ అనేవాడు. మీటరులో సూది ఎర్రగీత దాటిందంటే ‘కాస్త వెనక్కి’ అని చేత్తో సైగ చేసేవాడు. ఎర్రదీపం వెలిగాక గొంతు సవరించుకోవడం కూడా తప్పే.

స్టూడియోల్లో అప్పుడు రిబ్బను మైకులు వాడేవారు. వాటి లోపల అయస్కాంతాల మధ్య సన్నటి అల్యూమినియం రేకు వేలాడుతుంటుంది. గట్టిగా ఊదితే అది సాగిపోతుంది. అందుకే ఊది చూడడం, వేలితో టకటకా కొట్టడం చేస్తే ఇంజనీరు ఊరుకునేవాడు కాదు. ఆ భయమే మాకు మొదటి పాఠం. ఎదురుగా ఉన్నది సున్నితమైన వస్తువని, దాని వెనక వేల ఇళ్లలో మనుషులు చెవులొగ్గి కూర్చున్నారని తెలిసేది. రేడియో వినడానికి కూడా పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకునే కాలమది. డబ్బు కట్టి వినేవాడికి అరకొర మాట వినిపించకూడదన్న పట్టుదల అందరిలోనూ ఉండేది.

ఇప్పటి పిల్లలకు గట్టిగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జుల మీద వచ్చేది. మీడియం వేవులో పక్కపక్క కేంద్రాల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జులే. అందువల్ల ఇంట్లో రేడియోలోంచి బయటికొచ్చే ధ్వనిలో 5 కిలోహెర్ట్జులు దాటిన భాగం దాదాపు ఉండేదే కాదు. ఆ ఇరుకులోంచే ఉషశ్రీ గారు రామాయణ, భారతాలు చెప్పారు, ధర్మసందేహాలు తీర్చారు. అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్లకు కూడా ఒక్క ఒత్తు పోకుండా వినిపించేది. ఇవాళ రెండు మూడు వేల రూపాయల మైకు డబ్బా మీద 20 హెర్ట్జుల నుంచి 20 కిలోహెర్ట్జుల దాకా అని అచ్చువేస్తున్నారు. ఆ రేడియో ధ్వనికి ఇది నాలుగింతల వెడల్పు. అయినా మీటింగులో సగం మాటలు ‘ఏమన్నారు? మళ్లీ చెప్పండి’ తోనే పోతున్నాయి. లోపం ఎక్కడుందో మీరే చెప్పండి.

స్టూడియో దాకా ఎందుకు, మా ఊళ్లో మైకు సెట్టు కుర్రాడికున్న చెవి ఇప్పుడు ఎంతమందికుంది? హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి తెచ్చుకున్న అహూజా ఆంప్లిఫయరు, రెండు బూరలు, ఒక మైకు, అంతే వాడి ఆస్తి. పందిట్లో మైకు కూతపెట్టగానే పరుగెత్తుకొచ్చి బూరను అటు తిప్పేవాడు, లేదా వాల్యూము ఒక గీత తగ్గించేవాడు. బూరలోంచి వచ్చిన ధ్వని మళ్లీ మైకులో పడితేనే ఆ కూత పుడుతుందని వాడికి ఏ పుస్తకమూ చెప్పలేదు. పద్యనాటకాల్లో అయితే మైకు పైనుంచి వేలాడేది. తారాస్థాయి రాగానికి నటుడు ఒకడుగు వెనక్కి వేసేవాడు, మాటకు మళ్లీ ముందుకొచ్చేవాడు. తెరముందు వేల మంది ఉన్నా మైకు ఎక్కడుందో అతని ఒంటికి తెలిసేది.

ఇక ఇప్పటి సంగతి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు కంప్యూటరు ఉద్యోగమంటే అద్దాల మేడలో చేసేది. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చి ఆ మేడ మొత్తాన్ని పడగ్గదిలోకి తెచ్చిపెట్టింది. నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి ఇళ్లన్నీ ఆఫీసులయ్యాయి. జబ్బు పోయినా వారంలో కొన్ని రోజులు ఇంటి పని మిగిలింది. దానితోపాటే మైకుల బేరమూ మిగిలింది. 2009లో వచ్చిన బ్లూ యెతి లాంటివి యూఎస్‌బీ మైకును ఇళ్లలోకి తెచ్చాయి. ఆ తర్వాత ఫైఫైన్, మావోనో లాంటి పేర్లతో చవకరకాలు దిగాయి. కొనేవాళ్లు చూసేదేమిటి? రంగురంగుల దీపాలు, ఎన్ని చుక్కలొచ్చాయి, డబ్బాలో ఎన్ని సామాన్లున్నాయి. ఒక పేజీ చదివి రికార్డు చేసి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నవాడు నాకు కనబడలేదు. వినడానికి పనికొచ్చే వస్తువును కళ్లతో కొంటున్నారు.

మా కోడలు ఈమధ్య అలాంటిదే ఒకటి తెప్పించింది. రాత్రిపూట పిల్లల కథలు తెలుగులో చదివి రికార్డు చేయాలని ఆ అమ్మాయి కోరిక. మంచి కోరిక. కానీ మొదటిరోజే దిగాలుగా వచ్చింది. ‘మామయ్యా, గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తోంది, వెనక్కి పంపేస్తాను’ అంది. వెళ్లి చూశాను. మైకు బల్లకు అటు చివర, గోడకు ఆనించి ఉంది. అమ్మాయి దాని నెత్తిమీదకు మాట్లాడుతోంది. ఈ రకం కండెన్సర్ మైకుల్లో చాలావాటికి చెవి పక్కన ఉంటుంది. కంపెనీ గుర్తు, గుండీ ఉన్న వైపు మన ముఖానికి ఎదురుగా పెట్టుకుని ఆ పక్కకే మాట్లాడాలి. ముందు అది తిప్పాను.

తర్వాత దూరం. మూరెడు దూరంలో పెట్టి ఒక పేరా చదవమన్నాను, జానెడు దూరంలో పెట్టి అదే పేరా మళ్లీ చదవమన్నాను. దూరం సగమైతే నోటి నుంచి నేరుగా వచ్చే ధ్వని 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలో తిరిగొచ్చే ప్రతిధ్వని మాత్రం ఉన్నంతే ఉంటుంది. అంటే పైసా ఖర్చు లేకుండా గొంతు ముందుకొచ్చి, గది వెనక్కి పోతుంది. రెండూ వినిపిస్తే ‘ఇది అదే మైకా మామయ్యా?’ అని ఆశ్చర్యపోయింది. తర్వాత ‘ఘటోత్కచుడు ఫలహారం భుజించాడు, శశిరేఖ సంతోషించింది’ అని చదివించాను. ఒత్తక్షరాలకు ఊపిరి తాకి బుడుంగుమంది. మైకును నోటికి తిన్నగా కాక పెదవి చివరకు కొంచెం ఏటవాలుగా జరిపి, డబ్బాలో వచ్చిన స్పాంజి టోపీ తొడిగితే సగానికి సగం తగ్గింది. తెలుగు చదివేవాడు ఇంగ్లీషు వాక్యంతో మైకును పరీక్షించకూడదు. మన ఒత్తులు, మన శ ష స లు ఎలా పలుకుతున్నాయో వాటితోనే చూడాలి.

ఆ తర్వాత గది. నిజాంపేటలో నిశ్శబ్దం ఎక్కడిది? ఎండాకాలమైతే పొద్దున్నుంచీ నీళ్ల ట్యాంకర్లు, బోరు మోటారు, పక్క సైటులో టైల్సు కోసే మిషను, రికార్డు చేసిన గొంతుతో కూరగాయల బండి. గదుల నిండా పాలిష్ టైల్సు, నున్నటి గోడలు. ధ్వని పడితే పీల్చుకునే వస్తువే ఉండదు. చవకరకం మైకు చాలావరకు ఎదురుగా ఉన్నదాన్ని ఎక్కువ, వెనకనున్నదాన్ని తక్కువ వింటుంది. కాబట్టి కిటికీ, ఫ్యాను, కీబోర్డు దాని వీపు వైపు పడేట్టు కూర్చోవాలి. మన వెనక బట్టల బీరువా తలుపులు తెరిచిపెట్టుకోవాలి, లేదా ఒక దుప్పటి వేలాడదీయాలి. మైకు స్టాండు కింద మడతపెట్టిన తువ్వాలు వేస్తే బల్ల మీద చెయ్యి తగిలిన చప్పుడు తగ్గుతుంది. రికార్డింగు సాగినంతసేపూ ఫ్యాను ఆపాలి. మా కాలంలో ప్రభుత్వం లక్షలు పోసి కట్టిన స్టూడియో చేసింది కూడా ఇదే పని.

కొన్నదాన్ని ఉంచుకోవాలా, వెనక్కి పంపాలా అనేది తేల్చడానికి ఇంకొన్ని పరీక్షలున్నాయి. అందరూ నిద్రపోయాక ఒక్క నిమిషం ఏమీ మాట్లాడకుండా రికార్డు చేసి, వాల్యూము పెంచి వినండి. సన్నటి సరసర ఉంటే సహజమే. భుంయ్‌మని ఒకే స్థాయిలో మోగుతుంటే ల్యాప్‌టాప్ చార్జరు పీకి చూడండి. పోయిందంటే తప్పు కరెంటుది, మైకుది కాదు. గుండీ చివరిదాకా తిప్పితేగానీ గొంతు వినబడకపోతే మీరు దూరంగానైనా ఉన్నారు, మైకు బలహీనమైనా అయ్యుండాలి. వైరును మెల్లగా కదిపి చూడండి. కదిపినప్పుడల్లా కరకరలాడితే వెంటనే పంపెయ్యండి. వైరు ఊడదీసి మార్చుకునే రకమైతే మేలు, ఎందుకంటే ముందు పాడయ్యేది అదే. మైకుకే ఇయర్‌ఫోను పెట్టుకునే చోటుంటే మన గొంతు ఆలస్యం లేకుండా మనకే వినబడుతుంది. ఆ సౌకర్యం కోసం ఇంకో వెయ్యి ఎక్కువైనా పెట్టవచ్చు. మాకు అద్దం అవతల ఇంజనీరు చేసిన పని అదే చేసిపెడుతుంది.

మా పై అంతస్తులో ఉండే సంగీతం టీచరుగారి బాధ ఇంకోటి. ఆవిడ జూమ్‌లో పాఠం చెబుతుంటే అమెరికాలో ఉన్న పిల్లకు శ్రుతి వినబడడం లేదట. మైకు మార్చారు, ఫలితం లేదు. ఎడతెగకుండా ఒకేలా మోగేదాన్ని ఆ మీటింగు సాఫ్ట్‌వేరు రొద అనుకుని తుడిచేస్తుంది. శ్రుతిపెట్టె నాదాన్నీ ఫ్యాను చప్పుడు లెక్కలోనే వేసింది. జూమ్‌లో సంగీతం వాళ్లకోసం ‘ఒరిజినల్ సౌండ్’ అని ఒక సెట్టింగు ఉంది. అది వేస్తే శ్రుతి పలికింది. ఆధార షడ్జమాన్ని రొదగా తుడిచెయ్యడం చూస్తే నా కడుపు మండుతుంది. ఏది చప్పుడో ఏది నాదమో మా రోజుల్లో మనిషి తేల్చేవాడు, ఇప్పుడు మనం అడక్కుండానే ఆ పెత్తనం యంత్రానికి అప్పజెప్పాం.

ఇంకో మాట. కేవలం ఆఫీసు మీటింగుల కోసమైతే ఈ మైకే అక్కర్లేదు. నోటిముందుకు కాడ వచ్చే వైరున్న హెడ్‌సెట్ చాలు. మైకు ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లను మాత్రం నమ్ముకోకండి. వాటి మైకు వాడడం మొదలుపెట్టగానే చాలావాటిలో ధ్వని నాణ్యత పడిపోతుంది. రోడ్డు పక్క ఫ్లాటు, కిటికీ మూసినా రొద ఆగదు అనుకునేవాళ్లు కండెన్సర్ కాకుండా డైనమిక్ రకం తీసుకోవాలి. శాంసన్ క్యూ2యూ లాంటివి యూఎస్‌బీకీ, పాత తరహా ఎక్స్‌ఎల్‌ఆర్ వైరుకీ రెండింటికీ పనికొస్తాయి. ధర ఎక్కువే, కానీ దూరపు చప్పుళ్లను అంతగా లాగవు.

ధర్మంగా చెప్పాలంటే ఈ చిన్న వస్తువులో ఉన్న శక్తి మా ఇంజనీర్లు చూసి ఉంటే కళ్లకద్దుకునేవాళ్లు. అరచేతిలో పట్టే డబ్బాలోనే మైకు, ఆంప్లిఫయరు, ధ్వనిని అంకెలుగా మార్చే చిప్పు అన్నీ ఉన్నాయి. సెకనుకు 48 వేల నమూనాలు తీస్తుంది, ఆడియో సీడీకి 44,100 చాలు. స్పూలు టేపు అక్కర్లేదు, కాంట్రాక్టు కాగితం అక్కర్లేదు, ఎవరి పిలుపూ అక్కర్లేదు. ఏ పల్లెటూరి ఇల్లాలైనా తన కథను ప్రపంచానికి వినిపించవచ్చు. ఇంత భాగ్యం దొరికింది గనకే నా గోల. దొరికినదాన్ని పాడుచేసుకోవడం చూడలేను.

ఇంట్లో కథలు చదవడానికి, పాఠాలు చెప్పడానికి, మీ అమ్మమ్మ పాటలు దాచుకోవడానికి రెండు మూడు వేల మైకు సరిపోతుంది. ఇది నా తీర్పు. పదివేలది కొనేముందు ఉన్నదాన్ని జానెడు దూరానికి తెచ్చుకోండి, ఫ్యాను ఆపండి, ఒక పేజీ తెలుగు నిదానంగా చదివి రికార్డు చేయండి. దాన్ని ఎవరికైనా పంపేముందు మీరొకసారి మొదటినుంచి చివరిదాకా వినండి. మీకే వినబుద్ధి కానిది ఇంకొకరి చెవిన వేయకండి.