రామెనంగడి లక్షణం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
తలుపు ముందు బారు, తక్కువ వంటలు
పెదవికంటు చారు, బిగువు సేమ్య
మాటలేని జనము, మరిగెడు డేగిసా
రామెనంగడి యన రమ్యచరిత!

ప్రతిపదార్థం: రమ్యచరిత = ఓ మంచి నడవడి గలవాడా (అనగా, యంత్రంలో ముందే డబ్బు వేసి చీటీ తీసుకున్నవాడా); రామెనంగడి అనన్ = జపానువారి రామెన్ కొట్టు అంటే; తలుపు ముందు = గుమ్మానికి వేలాడే నోరెన్ అనే గుడ్డతెర ఎదుట; బారు = జనం వరుస; తక్కువ వంటలు = నాలుగైదు రకాలకు మించని పట్టిక; పెదవికి అంటు చారు = జిగురుగల రసం; బిగువు సేమ్య = మెత్తబడని నూడుల్స్ (సేమ్య అన్నది గణాలు కిట్టక; కవిని మన్నించాలి); మాటలేని జనము = కబుర్లాడని తిండివారు; మరిగెడు డేగిసా = కుతకుతలాడే పెద్ద గిన్నె; ఉండవలెనని అధ్యాహారం.

తాత్పర్యం: ఎముకలకు పూటంతా ఇచ్చి, నూడుల్స్‌కు ఒక్క క్షణం కూడా ఎక్కువ ఇవ్వని కొట్టే మంచి కొట్టు.

విశేషాలు: ‘పెదవికంటు’ అన్నచోట పద్యానికి ప్రాణం ఉంది. ఫుకుఓకా నగరంలోని హకాతా పద్ధతిలో పంది ఎముకలను పెద్ద మంట మీద గంటల తరబడి మరిగిస్తారు. కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది, కొవ్వు నీళ్లలో కలిసిపోతుంది, చారు పాలలా తెల్లబడుతుంది. సన్నసెగన కాస్తే తేటగానే మిగులుతుంది. ‘తెలుపే గుణమైతే ఏ పొడో కలపవచ్చు గదా’ అని పూర్వపక్షం. కలపవచ్చు. కాని పెదవులు ఒకదానికొకటి అతుక్కోవు. అందుకే కవి కంటిని నమ్మక పెదవిని ప్రమాణం చేశాడు. పైగా ఉప్పదనం ఈ చారుది కాదు, గిన్నె అడుగున ముందే పోసే తారె అనే గాఢరసానిది. షోయు (సోయా రసం), మిసో (పులియబెట్టిన సోయా ముద్ద), షియో (ఉప్పు) అన్న పేర్లు దాన్నిబట్టి వచ్చినవే. పలచని చారును తారెతో కప్పిపుచ్చే కొట్లకు కొదవ లేదు. అక్కడ నాలుక మండుతుంది, పెదవి పొడిగా ఉంటుంది.

‘బిగువు’: నూడుల్స్ పిండిలో కాన్‌సుయి అనే క్షారజలం పోస్తారు. మన అప్పడాల పిండిలో పడే క్షారానికి ఇది దాయాది. పసుపుఛాయ, సాగే గుణం దానివల్లే. హకాతా తీగలు మరీ సన్నం. మరీ గట్టిగా కావాలన్నవారికి అర నిమిషంలోపే నీళ్లలోంచి తీసేస్తారు. ఆలస్యమైతే గిన్నెలోనే నానిపోతాయి గనుక కొంచెమే వడ్డించి, అయిపోయాక మిగిలిన చారులోకి మరో చుట్ట వేస్తారు. దీని పేరు కాయెదామ. నాగహామా చేపల మార్కెట్టు కూలీల తొందరలోంచి పుట్టిన మర్యాద ఇది. మారు వడ్డింపు అడగాలనిపించకపోతే ఆ కొట్టు గురించి ఇక టీక అనవసరం.

‘బారు’ దగ్గర వివాదం ఉంది. తోక్యోలో, అప్పట్లో సుగామోలో ఉన్న త్సుతా అనే కొట్టుకు 2016 మిషెలిన్ గైడులో నక్షత్రం దక్కింది. రామెన్ కొట్టుకు అది మొట్టమొదటిది. ఆపైన జనం పొద్దున్నే వచ్చి చీటీ పట్టుకుపోయి, చెప్పిన వేళకు మళ్లీ రావలసి వచ్చింది. మరి బారు రుచిదా, కీర్తిదా? వరుసలో ఉన్నది కెమెరాలా, మధ్యాహ్నం సెలవులో వచ్చిన గుమాస్తాలా అని చూడాలి. గుమాస్తా రెండోసారి మోసపోడు.

‘మాటలేని’ అనగా నిశ్శబ్దమని కాదు. జుర్రు శబ్దం అక్కడ దోషం కాదు. జుర్రితే వేడి తగ్గుతుంది, వాసన ముక్కుకెక్కుతుంది. జూజో ఇతామి 1985లో తీసిన ‘తంపోపో’ సినిమాలోనూ చివరి తీర్పు మాటలతో రాదు, ఖాళీ అయిన గిన్నెలతో వస్తుంది.

‘తక్కువ వంటలు’ స్పష్టం. చీటీ యంత్రం మీద చాలాచోట్ల ఎడమ పైమూల మీటే ఆ కొట్టువారి ముఖ్యమైన గిన్నె.

శాకాహారులకు మనవి: మిసో అనో షోయు అనో రాసి ఉందని నమ్మవద్దు. అడుగున సాధారణంగా ఎముకో చేపో ఉంటుంది. మీట నొక్కకముందే అడగండి.